వేడి గొట్టంలో గుడ్డలు

203వ రోజు

పెట్టెకు చెప్పేది వేరే, ఇక్కడ రాసేది వేరే.

షిఫ్టు దిగగానే, మాటలు పట్టి దాచే ఆ పెట్టె ముందు నిలబడి ఆ రోజు చూసిందంతా చెప్పాలి. వారమంతా చెప్పింది ఆదివారం అన్నాల హాల్లో అందరికీ వినిపిస్తారు, అదీ మన గొంతుతోనే. పదకొండేళ్ళ కింద ఒక ఫిట్టరు గాలి గొట్టంలో పగులు చూసి కూడా, తన తప్పు బయటపడుతుందని నోరు మూసుకున్నాడు. ఈ గని మూడో మట్టంలో తొమ్మిది మంది నిద్రలోనే ఊపిరాడక పోయారు. అప్పటి నుంచి ఈ పద్ధతి. గాలి పని, నీళ్ళ పని, కరెంటు పని చేసేవాడు ఏదీ దాచకూడదు, ఊరంతా వినాలి. మంచి పద్ధతే. కానీ కొన్ని ఆరు వందల మంది ముందు చెప్పేవి కావు. అవి ఈ పాత డ్యూటీ కాగితాల వెనక రాసుకుంటున్నాను.

నా పేరు ఓదెలు. పంతొమ్మిదేళ్ళు. ఏడో తరగతిలో బడి మానేశాను. ఒక చోట కూర్చుంటే నాకు కాళ్ళలో చీమలు పాకుతాయి. నీళ్ళ పంపుల దగ్గర ఆరు నెలలు, పుట్టగొడుగుల మడుల్లో నాలుగు నెలలు, ఇప్పుడు గాలి గొట్టాలు. ఎప్పటికైనా పైకి పోయే దళంలో చేరాలి. వాళ్ళు తెల్ల సూట్లు, నల్ల అద్దాలు వేసుకుని లిఫ్టులో పైకి పోతారు, రెండు గంటలు ఎండలో నిలబడి కరెంటు పలకలు తుడిచి వస్తారు. ఈ గనిలో పుట్టినవాళ్ళం ఎవరమూ ఎండను చూడలేదు. మా మేస్త్రి రాజేశం మామ ఈసారి నా పేరు రాసి పంపాడు. రిపోర్టుల్లో మచ్చ లేకుండా చూసుకో, అదే చాలు అన్నాడు.

ఈ రోజు రెండో మట్టంలో బడి వెనకున్న వేడి గొట్టం ఎక్కాను. మిషన్ల హాలు వేడంతా అందులోంచే బయటికి పోతుంది. నాలుగు రోజుల నుంచి దాంట్లో గాలి కాస్త తగ్గిందని, గాలి కొలిచే ముల్లు చూపిస్తోంది. కారణం ఏమిటో చూసి రమ్మన్నారు. మోకాళ్ళ మీద పాక్కుంటూ ఆడపిల్లల స్నానాల గదుల వెనక్కి వచ్చేసరికి లైటు వెలుగులో ఒక తీగ కనిపించింది. ఆ తీగ మీద గుడ్డలు. లెక్క పెట్టాను, పద్నాలుగు. పాత నీలం యూనిఫారం బట్ట కత్తిరించి, నాలుగు మడతలు వేసి, చుట్టూ చక్కగా కుట్టినవి. ఎవరివి వాళ్ళకు తెలిసేలా, ప్రతి దానికీ మూలన రంగు దారంతో చిన్న గుర్తు. గదుల వైపు రేకుకు రెండు మరలు లేవు. అక్కడి నుంచి చెయ్యి పెట్టి ఆరేస్తున్నారు.

ఎవరికో దెబ్బలు తగిలితే కట్టిన కట్లు అనుకున్నాను ముందు. ఒకటి లైటు కిందికి లాగి చూశాను. ఉతికినా పోని మరక. అప్పుడు అర్థమైంది. చెయ్యి కాలినట్టు వదిలేశాను. వెనక్కి పాకుతుంటే తల రేకుకు రెండుసార్లు తగిలింది. కిందికి దిగాక నా రోజు వంతు నీళ్ళన్నీ చేతులకే ఖర్చు పెట్టాను.

పెట్టె అడిగింది, "అడ్డు ఉందా?"

"ఉంది."

"ఏమిటి?"

నా గొంతు ఆదివారం హాల్లో వినపడుతున్నట్టే అనిపించింది. అక్కడ కన్నతల్లి, మా అవ్వ, అన్నం వడ్డిస్తుంటుంది. పంపుల దగ్గరి పోరగాళ్ళు మొదటి బల్ల మీదే కూర్చుంటారు. గుడ్డలు అంటే ఏం గుడ్డలని అడుగుతుంది పెట్టె. ఎవరివని అడుగుతుంది.

"ఎలుకల గూడు" అన్నాను.

205వ రోజు, ఆదివారం

నా మాట వినిపించారు. "బడి వెనక వేడి గొట్టం. అడ్డు ఉంది. ఎలుకల గూడు." అంతే, మూడు ముక్కలు. ఎవరూ పట్టించుకోలేదు.

మా చెల్లె నీలవేణి ఎదురు బల్ల మీద ఉంది. తొమ్మిదో తరగతి. ముద్ద నోటి దగ్గర ఆగిపోయింది. పక్కనున్న పిల్లల వంక చూసింది. వాళ్ళు దీని వంక చూశారు. తర్వాత నీల నా వైపు తిరిగింది. నేను పప్పులో కరివేపాకు ఏరుకుంటున్నాను.

రాజేశం మామ నా పక్కకు వచ్చి కూర్చున్నాడు.

"బడి వెనకకు గూడ ఎక్కినయారా అవ్వి? రేపు వొయ్యి పొడి కొట్టు."

"గూడు తీసేసిన గద మామా. పొడెందుకు?"

"గూడు తీస్తే ఎలుక పోతదా? ఇంకో గూడు కడ్తది. నీ అసొంటిదే అది, ఒక్కకాడ నిలవడది." తన జోకుకు తనే నవ్వాడు. "మూతికి గుడ్డ, చేతులకు తొడుగులు మర్చిపోకు."

సరే అన్నాను. కాదంటే ఎందుకని అడుగుతాడు.

206వ రోజు

పొడి బూడిద రంగులో ఉంటుంది. ఎలుక దాని మీద నడుస్తుంది, కాళ్ళకంటుకున్నది నాకుతుంది. దాని నెత్తురు గడ్డ కట్టడం మానేస్తుంది. నాలుగైదు రోజుల్లో లోపల్లోపలే కారి చస్తుంది. విషం తిన్నట్టు దానికే తెలియదు కాబట్టి మిగతా ఎలుకలు కూడా భయపడవు. ఇదంతా రాజేశం మామ చెప్పాడు.

నిన్నటి మాట విని పిల్లలు గుడ్డలు తీసేసి ఉంటారనుకున్నాను. చాలా వరకు తీసేశారు. మూడు మాత్రం తీగ మీదే ఉన్నాయి, తడిగా. ఇంకెక్కడ పెట్టాలో తెలియక వదిలేసినట్టున్నారు. తీసి రేకు సందులోంచి అవతలికి తోసేయొచ్చు. కానీ తొడుగులున్నా ముట్టుకోబుద్ధి కాలేదు. ముఖం పక్కకు తిప్పుకుని పొడి నింపిన తిత్తి నొక్కాను. పొడి పొగలా లేచి గొట్టమంతా నిండింది. తీగ మీద, రేకు అంచు మీద, గుడ్డల మీద పడింది.

పడితే పడిందిలే, గుడ్డను ఎవరు తింటారు అనుకున్నాను.

పెట్టెకు చెప్పాను: "పని అయింది. నెల వరకు తుడవకూడదు."

212వ రోజు

పుట్టగొడుగుల మడుల దగ్గర ఎలుకలు దొరుకుతున్నాయి, రోజుకు ఏడెనిమిది. మూతుల దగ్గర నెత్తురు. నిజంగానే ఎలుకలున్నాయన్నమాట. ఆ లెక్కన నేను చెప్పింది పూర్తిగా అబద్ధమేమీ కాదని కాసేపు సంతోషపడ్డాను. రాజేశం మామ నలుగురి ముందు నా భుజం తట్టాడు.

బడి వెనక గొట్టంలో గాలి మళ్ళీ కాస్త తగ్గింది. అంటే మళ్ళీ ఆరేస్తున్నారు. నేను పైకెక్కి చూడలేదు. ముల్లు అద్దం మీద చేత్తో గట్టిగా కొడితే కొంచెం పైకి జరిగింది. ఆ అంకె చెప్పాను.

216వ రోజు

మా ఇంట్లో ఒకటే గది. అవ్వ, నీల, నేను. నీల బయట ఉన్నప్పుడు అవ్వ తలుపు దగ్గర పాత చీర అడ్డం కడుతుంది. దాని చాప, కంచం, చెంబు ఆ చీర వెనకే. ఆ రోజుల్లో నేను చీర వైపు చూడను. చిన్నప్పటి నుంచీ అంతే. ఎందుకు కడతారు, ఎన్ని రోజులు కడతారు అని ఎవరినీ అడగలేదు. బడిలో ఆ పాఠం వచ్చినప్పుడు మగపిల్లల్ని ఆడుకోమని బయటికి పంపేవాళ్ళు. మేము కేకలు వేస్తూ పరుగెత్తేవాళ్ళం.

ఈసారి చీర చాలా రోజుల నుంచి ఉంది. ఈ రోజు అవ్వ గొణగడం వినిపించింది.

"ఎనిమిది దినాలాయె. ఇంకెన్ని దినాలే నీకు?"

"నన్నడుగుతవేందవ్వా? నేనేమన్న నల్లానా, కట్టేసుకోను?"

"గంత పెద్ద నోరు అక్కర లేదు. సారమ్మ దగ్గరికి వోయినవా?"

"పోయిన. నెత్తురు తక్కువున్నదని ఇనుము గోలీలు ఇచ్చింది."

సారమ్మ మా నర్సు. నాలుగు మట్టాలకూ ఆమె ఒక్కతే. నేను చొక్కా తొడుక్కుని బయటికి వెళ్ళిపోయాను. అటువంటి మాటలు వినపడినప్పుడు నేను చేసే పని అదే.

219వ రోజు

పొద్దున నల్లా దగ్గర నీల పళ్ళు తోముకుంటోంది. ఉమ్మింది. మొత్తం ఎరుపు. మళ్ళీ పుక్కిలించి ఉమ్మింది, మళ్ళీ ఎరుపే. చెయ్యి ఎత్తితే మోచేతి పైన అరచెయ్యంత నల్ల మచ్చ కనిపించింది.

"ఎవలు కొట్టిండ్రే?"

"ఎవలు కొడ్తరు? అవ్వ నిన్న లేవట్టింది. గంతే."

పట్టి లేపితే అంత మచ్చ పడదు. మడుల దగ్గర ఎలుకల మూతులు గుర్తొచ్చాయి. నీల ఎలుకల పొడి తినలేదు. ఎలా తింటుంది? గుడ్డను ఎవరు తింటారు అని అనుకుంది నేనే. అంతలో రాజేశం మామ నా చేతికి తొడుగులు ఎందుకిచ్చాడో తట్టింది. పొడి నోట్లోంచే పోనక్కర లేదు.

"నీలా, గుడ్డలు ఎక్కడ ఆరేస్తున్నవ్?"

బ్రష్షు నోట్లోంచి తీసింది. "ఏం గుడ్డలు?"

"అవే."

"పుస్తకంల రాసున్నది గద, ఎండల ఆరెయ్యాలె అని. రోజూ లిఫ్టెక్కి పొయ్యి ఆరేసొస్తున్న." ముఖం ఎర్రబడింది. "నీకెందుకురా అన్నా ఆ ముచ్చట? సిగ్గు లేదా?"

"వేడి గొట్టంల తీగ ఉన్నది. నేను చూసిన."

బ్రష్షు నల్లా కింద పెట్టి కడిగింది.

"చూసి, ఎలుకలన్నవా?"

"నీలా, దాని మీద నేను పొడి కొట్టిన."

"అది దుమ్మనుకున్నం మేము. దులుపుకొని వాడుకుంటున్నం" అంది. అలా అంటూనే గోడ పట్టుకుని కిందికి జారి కూర్చుంది.

దాన్ని ఎత్తుకుని సారమ్మ ఉండే నాలుగో మట్టం దాకా పరుగెత్తాను. బరువు లేదు అసలు.

సారమ్మకు సరిగ్గా చెప్పలేకపోయాను. ఎలుకలు అన్నాను, పొడి అన్నాను, గొట్టం అన్నాను. ఆమె విసుక్కుంది.

"ఎలుకలు కరిచినయా? సక్కగ చెప్పు పిలగా."

"కాదమ్మా. గవి... ఆడోళ్ళవి... ఆరేస్తరు గద..."

"ముట్టు గుడ్డలా?"

తల ఊపాను.

"వాటికేమైంది?"

"వాటి మీద పొడి వడ్డది. నేనే కొట్టిన."

సారమ్మ వెంటనే నీల చొక్కా చెయ్యి పైకి మడిచింది. నీల చేతి నుంచి ఒక సన్న గాజు గొట్టంలోకి నెత్తురు తీసి నిలబెట్టింది. ఇరవై నిమిషాలు గడియారం చూస్తూ కూర్చుంది. తర్వాత గొట్టాన్ని వంచింది. నెత్తురు నీళ్ళలా అంచు దాకా జారింది.

"గడ్డ కట్టాలె ఈపాటికి" అంది. లేచి వెళ్ళి సూది తెచ్చింది. "దీనికి విరుగుడు ఉన్నది. కే విటమిను. రేపటికి తేడా తెలుస్తది. కారణం తెల్వక నేను ఇనుము గోలీలు మింగిస్తున్న." ఆ తర్వాత నా వైపు తిరిగింది. "తీగ మీద ఎన్ని గుడ్డలుండె?"

"పద్నాలుగు. దారాల రంగులు ఏడో ఎనిమిదో ఉండె."

"అంటే ఇంకా ఆరుగురో ఏడుగురో ఉన్నరు. అందరికీ అప్పుడే వచ్చి ఉండదు. వచ్చిన రోజు ఆ గుడ్డనే పెట్టుకుంటరు. కాలు జారి తల గోడకు తగిలినా చాలు, లోపల కారుతనే ఉంటది." నీల వైపు వంగింది. "బిడ్డా, ఎవలెవలు ఆరేస్తరు అక్కడ?"

నీల ముఖం గోడవైపు తిప్పుకుంది. "ఒట్టు పెట్టుకున్నం మేము. ఎవల పేరు ఎవలం చెప్పమని."

"పానం కన్న ఒట్టు ఎక్కువనా?"

"ఒగలిద్దరు నాకు ఎర్కనే. అందరూ ఎర్క లేదు. పెద్ద తరగతోళ్ళు వేరే పూట వస్తరు."

రెండు పేర్లు మాత్రం చెప్పింది, ఏడుస్తూ. వాళ్ళను పిలిపించింది సారమ్మ. తర్వాత తనే ఇల్లిల్లూ తిరిగింది. నేను మందుల సంచి మోస్తూ వెనకాలే వెళ్ళాను. ప్రతి గుమ్మంలోనూ ఒకటే మాట. మా పిల్లకు జరమమ్మా. కడుపునొప్పి, తగ్గింది. మా దానికి గట్లాంటియేం లేవు. నన్ను చూసి తలుపు సగం మూసేవాళ్ళు. నేను కింద చూస్తూ నిలబడేవాణ్ణి. రోజంతా తిరిగితే ఇంకో ఇద్దరే దొరికారు.

"ఇయ్యాల ఆదివారం పెట్టె వినిపిచ్చుడు అయిపోయింది, మల్ల ఆదివారం దాకా ఆగితే ఎవలో ఒకలు పోతరు" అంది సారమ్మ, మెట్ల మీద కూర్చుని కాళ్ళు ఒత్తుకుంటూ.

పెట్టె పక్కన ఎర్ర పిడి ఒకటి ఉంది. అది లాగి మాట్లాడితే అన్ని మట్టాల్లో, అన్ని గదుల్లో అప్పటికప్పుడు వినపడుతుంది. గాలి ఆగిపోతే లాగాలి. నేను పుట్టాక ఒక్కసారే లాగారు.

సారమ్మ దాని మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆమెకు దాన్ని లాగే అధికారం లేదు. గాలి పని వాళ్ళకే ఉంది.

220వ రోజు

పొద్దుటి అన్నాల వేళ పెట్టె దగ్గరికి వెళ్ళాను. చెమటకు పిడి చేతిలో జారింది. రెండోసారికి వచ్చింది. సైరను మోగి ఆగింది. హాల్లో కంచాల చప్పుడు ఒక్కసారిగా ఆగిపోవడం గోడ ఇవతలికి వినపడింది.

ఏం మాట్లాడానో పెట్టెలో ఉంది. ఉన్నదున్నట్టు ఇక్కడ ఎక్కిస్తున్నాను.

"నేను ఓదెలును. గాలి పని. గాలి మంచిగనే ఉన్నది, ఎవలూ ఉరుకకుండ్రి. రెండొందల మూడో రోజు బడి వెనక వేడి గొట్టంల ఎలుకల గూడు ఉన్నదని చెప్పిన. అబద్ధం. అవి ముట్టు గుడ్డలు. మన ఆడపిల్లలు ఉతికి ఆరేసుకున్నయి. నాకు చెప్ప సిగ్గయింది. అందుకే వాటి మీద ఎలుకల పొడి కొట్టిన. అది తోలు నుంచి లోపలికి వోతది. నెత్తురు ఆగది. ఆ గొట్టంల ఆరేసినోళ్ళు, వాళ్ళ గుడ్డలు ఇంకెవలన్న వాడుకుంటే వాళ్ళు, ఇప్పుడే సారమ్మ దగ్గరికి రాండ్రి. మందు ఉన్నది. పేరు ఎవలూ అడగరు. నాలుగో మట్టం మెట్ల మీద మొగోడు ఒక్కడు కనవడొద్దు, నేను గూడ ఉండ. ఆ గుడ్డలు మల్ల ముట్టుకోకుండ్రి. తప్పు వాళ్ళది కాదు. నాది."

చివరి మాటకు గొంతు పిల్లాడి గొంతులా చీలింది. అది కూడా అందరికీ వినపడింది.

హాలు పక్కనే దాటి వెళ్ళాలి. తలుపులోంచి చూశాను. ఎవరూ కదలలేదు. ఆడపిల్లల బల్లల దగ్గర అందరూ తలలు వంచుకుని ఉన్నారు. పంపుల దగ్గరి పోరగాళ్ళలో ఒకడు కీచుకీచుమని ఎలుకలా అరిచాడు. నలుగురు నవ్వారు. మా అవ్వ గరిటె పట్టుకుని అలాగే నిలబడి ఉంది, నా వైపు చూడలేదు. ఇప్పుడు ఏ పిల్ల లేచినా అదే అని వేలు పెట్టి చూపించినట్టే కదా. పేరు ఎవరూ అడగరు అని చెప్పిన నాకు అది తోచనే లేదు.

అప్పుడు వసుంధర టీచర్ లేచింది. బడిలో ఆ పాఠం చెప్పేది ఆమే. యాభై దగ్గరగా ఉంటాయి. కంచం నెట్టి, కొంగు సర్దుకుని, అందరికీ వినపడేలా అంది:

"మూలకు పసుప్పచ్చ దారమున్నవి నావి. నేను పోతున్న. తోడొచ్చేటోళ్ళు రాండ్రి."

అవి ఎంత కాలం నుంచి అక్కడ ఆరేస్తోందో, ఆ తీగ ముందు కట్టింది ఎవరో ఎవరూ అడగలేదు. టీచరు వెనక ఒక పిల్ల లేచింది, తర్వాత ముగ్గురు. వంట దగ్గరి నుంచి ఇద్దరు ఆడవాళ్ళు చేతులు తుడుచుకుంటూ నడిచారు. రోగం లేని ఆడవాళ్ళు కూడా లేచి వాళ్ళలో కలిశారు. అలా కలిసిపోయాక ఏ పిల్ల ఎవరో చెప్పడం కష్టమైంది.

మెట్ల మీద మగవాడు ఉండకూడదు అన్నాను. ఒక మగవాడు ఆ మెట్ల మీదే పరుగెత్తాడు. రాజేశం మామ. చేతుల మీద ఆయన చిన్న బిడ్డ స్రవంతి. పదమూడేళ్ళు. మూడు రోజుల నుంచి ఇంట్లో జ్వరమని పడుకోబెట్టారట. నిన్న సారమ్మకు సగం తలుపు మూసిన ఇళ్ళలో వాళ్ళదీ ఒకటి. పిల్ల చెయ్యి కిందికి వేలాడుతోంది.

224వ రోజు

మొత్తం పదహారు మంది. అందరూ బతికే ఉన్నారు. స్రవంతికి నాలుగు రోజులు స్పృహ లేదు, ఈ రోజు కళ్ళు తెరిచి గంజి అడిగింది. నీలకు నెత్తురు ఆగింది.

గొట్టం కడిగాను. రాజేశం మామ వచ్చి కింద కూర్చున్నాడు. నన్ను కొడతాడనుకున్నాను. నిజానికి కొడితే బాగుండనిపించింది.

"నాతోని చెప్తే అయిపోవు గదరా" అన్నాడు.

"చెప్తే ఏం జేసేటోనివి మామా?"

తన తొడుగుల వేళ్ళు ఒక్కొక్కటీ లాగాడు.

"మూడేండ్ల కింద నాకు గూడ కనవడ్డయి. అదే జాగల. రేకు దగ్గరికి నూకి వచ్చిన. పత్తి చెత్త అని చెప్పిన పెట్టెకు." తొడుగు విప్పి పక్కన పెట్టి, "నేను గూడ ఎలుకలే అనేటోన్నేమో, నోటికి ముందుగాల అదే వస్తే" అన్నాడు.

పైకి పోయే దళానికి పంపిన పేర్లలోంచి నాది కొట్టేశారు. అబద్ధం చెప్పినందుకు. న్యాయమే. దారిలో పోరగాళ్ళు నన్ను చూసి కీచుమంటారు. నన్నంటే సరే. బడికి పోయే పిల్లల్ని కూడా అంటున్నారు. ఆ కూత వాళ్ళకు నేర్పింది నేనే.

226వ రోజు

నీల ఇంటికి వచ్చింది. నాతో మాట్లాడదు. అవ్వ అన్నం పెడుతుంది, మాట్లాడదు. ఈ రోజు నేనే మాట కలిపాను.

"పొడి విషమని నాకు ఎర్క లేకుండె, నీలా."

"పొడి సంగతి నేనన్ననా?" చాప మీదే కూర్చుని గోడకు చెప్పినట్టు చెప్పింది. "అది నీకు ఎర్క లేదు, నాకు గూడ ఎర్క లేదు. కనవడ్డనాడు ఇంటికొచ్చి, నీలా అక్కడ ఆరెయ్యకుండ్రే, మేము పని చేస్తం అంటే అయిపోవు. తీగ తీసుకొని పోయేటోళ్ళం. అంత చిన్న మాట. నాతోని చెప్ప చాతకాలే. ఊరంతటికి మాత్రం ఎలుకలని చెప్పినవ్."



233వ రోజు

మిషన్ల హాలు పక్కన ఖాళీ గది ఒకటి ఇచ్చారు. ఆరేసుకోవడానికి. లోపలి నుంచి గడియ, తాళం చెవి టీచర్ దగ్గర. వేడి గాలి అందులోకి మళ్ళించే పని నాకు అప్పగించారు. గొట్టం బిగించి, తీగలు కట్టాను. ఎంతసేపట్లో ఆరుతుందో టీచర్ కనుక్కోమంది. తెలియకుండా ఏదీ చెప్పకూడదు కాబట్టి సారమ్మను అడిగి పాత యూనిఫారం బట్ట తెచ్చుకున్నాను. నాలుగు మడతలు వేసి కుట్టాను. కుట్టు వంకర పోయింది. తడిపి, పిండి, తీగ మీద వేసి పక్కనే కూర్చున్నాను. ఒక గంటకు పైమడత ఆరింది. లోపలి మడత ఇంకా తడే. కాళ్ళలో చీమలు పాకాయి. లేచి తిరగాలనిపించింది. కూర్చున్నాను. మళ్ళీ తడిపాను, మళ్ళీ చూశాను. మూడు రోజులు అదే పని.

234వ రోజు

బడికి రమ్మన్నారు. ఏడేళ్ళ తర్వాత ఆ గుమ్మం తొక్కాను. తొమ్మిదో తరగతి. ఈసారి మగపిల్లల్ని బయటికి పంపలేదు, గోడ వైపు వరసలో కూర్చోబెట్టారు. వాళ్ళు డెస్కుల్లోకి చూస్తున్నారు. నీల రెండో వరసలో ఉంది.

వసుంధర టీచర్ పుస్తకం తెరిచి చదివింది. "ఉతికిన గుడ్డను ఎండలో పూర్తిగా ఆరబెట్టవలెను." పుస్తకం మూసేసింది.

"ఇరవై రెండేండ్ల నుంచి ఇదే చదివిపిస్తున్న. మీరు అప్పజెప్పిండ్రు, నేను మార్కులేసిన. ఎండ లేని ఊళ్ళె ఏం జెయ్యాలె అని మీరు అడగలే, నేను చెప్పలే. ఆ లైను కొట్టెయ్యుండ్రి. దాని కింద ఓదెలు చెప్పేది రాసుకోండ్రి."

నలభై పెన్నులు గీత గీసిన చప్పుడు. నేను నల్లబల్ల ముందు నిలబడ్డాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"వేడి గదిల మూడు గంటలు పడ్తది" అన్నాను. "మడత మీద ఆరేస్తే. మడత విప్పి వేస్తే గంటంబావు. విప్పే వెయ్యాలె. పైన ఆరినట్టు కొడ్తది గని లోపల తడి ఉంటది."

వెనక నుంచి ఒక పిల్ల అడిగింది. "లోపల తడి ఉన్నదో లేదో ఎట్ల ఎర్కయితది? వేడికి చేతికి తెల్వది గద."

"చేతికి తెల్వది. కుట్టు ఉన్న కాడ చెంపకు ఆనిచ్చుకోవాలె. తడి ఉంటే సల్లగ తగుల్తది."

నీల లేచి నిలబడింది. ఇంట్లో నన్ను ఒరే అన్నా అంటుంది. అక్కడ టీచర్ ముందు, బయటి మనిషిని అడిగినట్టు అడిగింది.

"మీరు ఆనిచ్చుకొని చూసిండ్రా?"

తరగతి మొత్తం నా ముఖం వైపు చూసింది. గోడ వైపు మగపిల్లలు కూడా తలలెత్తారు. చెవుల దాకా మంట పాకింది.

"చూసిన" అన్నాను. "కుడి చెంపకు. తొమ్మిది సార్లు."

ఎవరూ నవ్వలేదు. నీల కూర్చుంది. పెన్ను అందుకుని, కొట్టేసిన లైను కింద రాసుకోవడం మొదలుపెట్టింది. గంటంబావు దగ్గర ఆగి, "విప్పి వేస్తేనా, మడత మీదనా?" అని ఇంకోసారి అడిగింది.

"విప్పి వేస్తే" అన్నాను.

రాసుకుంది.